కండెకు చుట్టిన ఫైబర్

ఫైబర్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒకటే. "సార్, మీటరులో వెలుగు ఎంత చూపించాలి?" ఏళ్ల తరబడి నేనూ అదే అడిగాను. అది సగం ప్రశ్నేనని తెలిసేనాటికి నా వల్ల ఒక మనిషి తన వీధిలో తాను తలెత్తుకోలేని పరిస్థితి వచ్చింది. ఈ రాత అందుకోసమే. నా ప్రమోషన్లు, నేను నింపిన ఫారాలు ఇందులో ఉండవు. వాటితో మీకు పనిలేదు, నాకూ పెద్దగా లేదు.

మాది రుద్రంగి. మా నాయన కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. పదో తరగతి అయ్యాక నేను కోరుట్లలో రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాను. రేడియోల తర్వాత టీవీలు, టీవీల తర్వాత డిష్షులు, చివరికి జగిత్యాలలో ఒక కేబుల్ కంపెనీ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో చిన్న చిన్న ఆపరేటర్లకు చానళ్లు అందించడం ఆ కంపెనీ పని. ప్రతి పట్టణంలో ఒక కంట్రోల్ రూము. అక్కడి నుంచి ఒక్కో ఆపరేటరుకు ఒక్కో ఫైబర్, అంటే వెంట్రుకంత గాజు తీగ. చానళ్లన్నీ వెలుగుగా మారి ఆ తీగలో పోతాయి. ఆపరేటరు ఇంట్లో ఒక డబ్బా ఆ వెలుగును మళ్లీ కరెంటు సిగ్నలుగా మారుస్తుంది. అక్కడి నుంచి ఇళ్లకు మామూలు నల్ల కేబులు. మూడు పట్టణాల ఫైబర్ బాధ్యతా నాదే.

నాకు ఇంజనీరింగు డిగ్రీ లేదు. ఉన్న చదువంతా జగిత్యాల గ్రంథాలయంలో, కిటికీ పక్క బెంచీ మీద, ఒక చేతిలో నిఘంటువు పట్టుకుని చదివింది. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది. ఆ గర్వం చేసిన పని కూడా ముందు ముందు వస్తుంది.

ఉప్పు రవ్వంత లేజరు

లేజరు అనగానే చాలామంది పెద్ద యంత్రాన్ని ఊహించుకుంటారు. మేము వాడే లేజరు ఉప్పు రవ్వంత ఉంటుంది. చిన్న అర్ధవాహకపు ముక్క. దానికి కరెంటు ఇస్తే లోపల వెలుగు పుడుతుంది. పుట్టిన వెలుగు వెంటనే బయటికి రాదు. ఆ రవ్వ లోపలే అటూ ఇటూ కొట్టుకుంటూ, పోయిన ప్రతిసారీ తనలాంటి వెలుగును ఇంకొంత పుట్టిస్తూ బలపడుతుంది. అందులో కొంత భాగం ఒక అంచు నుంచి బయటపడి ఫైబరులోకి దూకుతుంది. కంటికి కనపడదు. కనపడదు కదా అని ఫైబరు మొనలోకి తొంగిచూడకండి, కన్ను పోతుంది.

ఈ రవ్వకు ఒక గుణం ఉంది. దాని పని మొత్తం, లోపల తిరిగే తన వెలుగును బట్టి నడుస్తుంది. బయటికి పంపిన వెలుగులో పిసరంత ఎక్కడో తగిలి వెనక్కి వచ్చిందనుకోండి, అది లోపలిదో బయటి నుంచి వచ్చిందో లేజరుకు తెలియదు. దాన్నీ తనదిగానే లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు వెలుగు నిలకడ తప్పుతుంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. లేజరును బిగించి వెలుగు పంపే పెట్టెను ట్రాన్స్‌మిటరు అంటారు. ఖరీదైన ట్రాన్స్‌మిటర్లలో లేజరు ముందర, వెలుగును ఒక్కవైపే పోనిచ్చే తలుపు లాంటి భాగం ఒకటి బిగిస్తారు. పాత, చౌక వాటిలో ఆ తలుపు ఉండదు.

ఇదంతా ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను. అప్పట్లో ఇందులో మొదటి పేరా మాత్రమే నాకు తెలుసు.

కోరుట్లలో నేర్చుకున్న తప్పుడు పాఠం

కోరుట్లలో ఒక ఆపరేటరు లైను వారానికోసారి మందగించేది. ఎన్నిసార్లు పోయినా కారణం దొరకలేదు. ఒకరోజు చెప్పకుండా పోయాను. ఆయన కనెక్టరు ఊడదీసి, నోటితో ఉఫ్ అని ఊది, మొనను బొటనవేలితో తుడుస్తున్నాడు. ఇంట్లో బీడీలు చుట్టే పని. వేలికి తంబాకు పొడి ఉండనే ఉంది. గాజు మొన మీద ఆ పొడి అతుక్కుని వెలుగును ఆపుతోంది.

"శుభ్రం చేస్తున్న సార్, మీరే గదా సాఫ్ ఉండాలె అన్నరు" అన్నాడు ఆయన.

బాగా నవ్వుకున్నాం. నేర్చుకోవలసింది, కనెక్టరు మొన ఎంత సున్నితమో అన్నది. నేను నేర్చుకున్నది వేరు: లోపం ఎప్పుడూ ఆపరేటరు చేతిలోనే ఉంటుందని. ఒక కేసులో నిజమైన సంగతిని అన్ని కేసులకూ అంటగట్టడం మా పనిలో అందరూ చేసే తప్పే. నేను దాన్ని పుస్తకాలు చదివిన ధైర్యంతో చేశాను.

ఆకుపచ్చ గూటిలో నీలం

ఫైబర్ కనెక్టర్లు రెండు రంగుల్లో ఉంటాయి. నీలం రంగువాటి మొన చదును. ఆకుపచ్చవాటి మొన ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. కేబుల్ టీవీకి ఆకుపచ్చవే వాడాలని మాకు చెప్పారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. కంపెనీల వాళ్లు ఏదో ఒక తేడా కోసం పెట్టుకున్న రంగులనుకున్నాను.

సిరిసిల్లలో పద్మ అనే ఆపరేటరు ఉండేది. పెళ్లయిన కొత్తలో కండెలు చుట్టేది. కండె అంటే మగ్గంలో అడ్డపోగు కోసం నూలు చుట్టే చిన్న గొట్టం. ఆ పని మాని, వాళ్లన్న వదిలేసిన చిన్న కేబుల్ లైను తీసుకుని నాలుగు వీధులకు ఆమే నడిపేది. స్తంభం ఎక్కడం దగ్గర నుంచి ఇంటింటికీ తిరగడం దాకా అన్నీ ఆమే. భర్త పక్కనున్న కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. మా ఫైబరు వచ్చి చేరే పెట్టె ఆమె ఇంటి లోపలి గోడకు ఉండేది. ఆ గోడకు అవతలి వైపే కార్ఖానా.

ఒకరోజు ఆ పెట్టెలో, ఫైబరుకూ డబ్బాకూ మధ్యనుండే మూరెడు తీగను ఎలుక కొరికింది. అప్పుడు తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. రాస్తారోకోలతో హైదరాబాదు నుంచి సామాను రావడం లేదు. నా సంచిలో రెండు వైపులా నీలం మొనలున్న తీగ ఒకటి ఉంది. పెట్టెలో ఉన్న గూడు ఆకుపచ్చది. నీలం మొనను అందులోకి నెట్టాను. కొంచెం బిగువుగానైనా దిగింది. మీటరు పెడితే వెలుగు కొద్దిగా తగ్గింది, ఐనా సరిపోయేంత ఉంది.

జగిత్యాలలో మా బాసు విద్యాసాగర్ సారుకు ఫోన్ చేశాను. ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు, ఎవరి జీతం ఆపేవాడు కాదు. విడి భాగాలు కొనడం మాత్రం ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది.

"నడుస్తుందా శంకర్?"

"నడుస్తుంది సార్."

"నడిస్తే నడవనీ."

ఇరవై ఏళ్లలో ఆయన దగ్గర నేను నేర్చుకున్న చెడ్డ అలవాటు ఈ రెండు ముక్కలే. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. జగిత్యాల కంట్రోల్ రూములో నా బల్ల మీద ఒక మంచి ఆకుపచ్చ తీగ ఉంది. పరీక్షల కోసమని నేను అట్టిపెట్టుకున్నది. మరునాడే తెచ్చి పెట్టవచ్చు. తేలేదు.

టెంటులో టీవీ

పద్మ వాళ్ల వీధి మలుపులో రిలే నిరాహార దీక్షల టెంటు ఉండేది. రోజుకొక సంఘం కూర్చునేది. బీడీ కార్మికులు, టీచర్లు, సాంచాల కార్మికులు. మహిళల వంతు వచ్చినప్పుడు పద్మ కూడా కూర్చుంది. టెంటుకు టీవీ కనెక్షను కూడా ఆమే ఇచ్చింది. టెంటు బాధ్యత చూసేది లింగమూర్తి, సాంచాల కార్మికుల నాయకుడు. గట్టి మనిషి, నిజాయితీపరుడు. మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

నేను నీలం తీగ పెట్టిన తర్వాత, ఉద్యమ వార్తలు చూపించే ఒక చానల్లో గీతలు మొదలయ్యాయి. మిగతా చానళ్లు బాగున్నాయి. ఆ ఒక్కటే చెడింది. పైగా బంద్ జరిగిన రోజు అద్దంలా వచ్చి, బంద్ అయిపోగానే మళ్లీ గీతలు.

నేను పోయేసరికి టెంటు ముందు ముప్పై మంది ఉన్నారు. పద్మ మధ్యలో నిలబడి ఉంది.

"శంకరన్నా, నువ్వన్న చెప్పు" అన్నాడు లింగమూర్తి. "బంద్ నాడు బొమ్మ మంచిగస్తది. తెల్లారి సాంచాలు షురూ అయినయో లేదో, గీతలు. గిది మిషన్ చేసే పనా, మనిషి చేసే పనా?"

"బంద్ నాడు మందంత ఇండ్లల్ల ఉంటరు గదా. దొరికిపోతనని భయం" అన్నారు వెనక నుంచి ఎవరో.

పద్మ తిరిగి చూసింది. "ఎవలదా మాట? ముందటికచ్చి అను. గదే తీగెల గన్ని చానళ్లు అస్తున్నయి. గా ఒక్కదాన్ని నేను చేత్తోటి పట్టి ఆపుతున్ననా?"

"గదే గదా మేమడిగేది!" అన్నాడు లింగమూర్తి. "సీరియల్ మంచిగస్తది, సినిమా మంచిగస్తది. మన వార్తలకే రోగమచ్చిందా? ఎవలు చెప్తే చేస్తున్నవ్ చెల్లే, సాఫ్ సీదా చెప్పు."

"నిరుడు గీ టెంట్లనే నీ పక్కకు కూసున్న అన్నా. గప్పుడు ఎవలు చెప్తే కూసున్న?"

లింగమూర్తి టెంటు వైపు ఒకసారి చూశాడు. ఐనా తగ్గలేదు. "ఐతారం దాకా చూస్తం. గప్పటికి బాగుగాకపోతే నాలుగు వీధులోళ్లం నీ తీగెలు ఊడదీసి వేరేటోళ్ల తాన పెట్టుకుంటం. ద్రోహుల కేబులు మాకద్దు."

ఆదివారం గడువు, ద్రోహి అన్న ఆ మాట వినగానే పద్మ ముఖం మాడిపోయింది. లైను పోవడం ఒక ఎత్తు. సొంత వీధిలో ద్రోహి అనిపించుకుని బతకడం ఇంకొక ఎత్తు.

అందరూ నావైపు చూశారు. నేను పద్మ ఇంటికి పోయి పెట్టె తెరిచి మీటరు పెట్టాను. వెలుగు సరిపడా ఉంది. టెంటు దగ్గరికి తిరిగి వచ్చి, ఆమె ఇల్లు చూపిస్తూ అందరికీ వినపడేలా చెప్పాను: "మా తానికెల్లి వెలుగు సక్కగనే అస్తున్నది. లోపముంటె ఈ ఇంటికెల్లి అవతలనే."

ఆ మాట అర్ధగంటలో నాలుగు వీధులూ తిరిగింది. తిరిగేసరికి దాని రూపం ఇలా ఉంది: కంపెనీ మనిషే వచ్చి చెప్పిండు, చేసేది పద్మనేనట.

మీటరు చూస్తూ కూర్చున్నవాడు

మరుసటి రెండు రోజులు నేను చేసిన పనులన్నీ సక్రమమైనవే. ఆమె డబ్బా మార్చాను. నల్ల కేబుళ్లు వెతికాను. సిరిసిల్ల కంట్రోల్ రూములో ఆమె లైనుకున్న పాత, చౌక రకం ట్రాన్స్‌మిటరును విప్పి, అక్కడే బల్ల మీద ఒక డబ్బాకు కలిపి చూశాను. చిత్రం చక్కగా వచ్చింది. మళ్లీ లైనుకు కలిపితే గీతలు. ట్రాన్స్‌మిటరు మంచిదే, ఫైబరు మంచిదే, డబ్బా మంచిదే. మూడూ కలిస్తేనే చెడుతోంది. అంతటి వింత కళ్ల ముందు ఉంటే ఆగి ఆలోచించవలసింది. నేను ఆలోచించింది మాత్రం, ఆపరేటరు ఎక్కడ వేలు పెట్టిందా అని.

గురువారం పోయేసరికి కార్ఖానాలో సాంచాలు గట్టిగా నడుస్తున్నాయి. గోడ మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తోంది. పెట్టె తెరిచాను. బయటి నుంచి వచ్చే ఫైబరు మూడు మూరలు పెట్టెలో ఊరికే వేలాడుతూ ఉండేది. ఇప్పుడది ఒక కండెకు వరసగా, నూలు చుట్టినంత పొందికగా, పది చుట్లు చుట్టి దారంతో మేకుకు కట్టి ఉంది.

"ఎవరు చుట్టిండ్రు దీన్ని?"

"నేనే అన్నా."

"గాజు తీగెను గంత చిన్నగ చుట్టుతరా? వంగితే వెలుగు బయటికి పోతది. నీకేమన్న ఎరుకనా?"

"ఎరుకలేకనే చుట్టిన. సాంచాలు నడిస్తె గోడ ఊగుతున్నది, తీగె ఊగుతున్నది. తీగె ఊగితె బొమ్మ ఊగుతదేమో అనుకున్న. బంద్ నాడు సాంచాలు నడువయి గదా."

మీటరు పెట్టాను. వెలుగు సగానికి పడిపోయింది. నాకు కావలసిన నేరం దొరికినట్టయింది. చుట్లు విప్పడం మొదలుపెట్టాను.

"అన్నా, జర ఆగు. ముందుగాల బొమ్మ చూడు" అంది పద్మ.

"మీటరు చూస్తున్న."

"మీటరు కాదన్నా, టీవీ చూడు."

"మీటరు అబద్ధం చెప్పదు" అన్నాను.

కండె ఆమె చేతికిచ్చాను. వెలుగు మళ్లీ నిండుగా వచ్చింది. రోజువారీ పనులు రాసే లాగ్ పుస్తకంలో రాశాను: "ఆపరేటరు ఫైబరును కండెకు చుట్టింది. తొలగించడమైనది." మూడడుగుల దూరంలో టీవీ నడుస్తోంది. నేను దానివైపు తల తిప్పలేదు. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ రోజు నేను చదువురానివాడినే.

జగిత్యాల బస్సు కొండగట్టు దాటుతుండగా ఆమె ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అన్నా, తిట్టనంటె ఒక మాట చెప్త. చుట్టినప్పుడు బొమ్మ సక్కగచ్చింది. నువ్వు ఇప్పినంక మల్ల గీతలచ్చినయి. గిది నువ్వు నమ్మినా నమ్మకున్నా మంచిదే." పెట్టేసింది.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వెలుగు తగ్గితే చిత్రం బాగుపడటమేమిటి? నేను చదివినదంతా ఒకవైపు, ఆ కండె ఒకవైపు. ఇన్నేళ్లలో మొదటిసారి మీటరు మీద అనుమానం వచ్చింది. అనుమానంతో పాటు, దాచడమెందుకు, ఒక రకమైన ఆనందం కూడా వచ్చింది. నాకు తెలియనిది ఏదో ఉందక్కడ.

గ్రంథాలయంలో ఒక పేజీ

ఆ రోజుల్లో గ్రంథాలయంలో కుర్చీ దొరకడమే కష్టం. రాష్ట్రం వస్తే ఉద్యోగాలు వస్తాయని పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తలుపు తీయకముందే వరస కట్టేవారు. శుక్రవారం పొద్దున నేనూ ఆ వరసలో నిలబడ్డాను. ఫైబర్ సమాచార వ్యవస్థల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. మొదటి నాలుగు అధ్యాయాలు నేను రెండుసార్లు చదివాను. వెలుగు ఎలా పుడుతుంది, ఎలా పోతుంది, ఎంత తగ్గుతుంది. ఐదో అధ్యాయంలో లెక్కలు ఎక్కువని వదిలేశాను. చూస్తే నాకు కావలసినది అందులోనే ఉంది: లేజరు దగ్గరికి వెనక్కి వచ్చే వెలుగు.

గాజు నుంచి గాలిలోకి చదునుగా దాటేటప్పుడు నూటికి నాలుగు పాళ్ల వెలుగు వెనక్కి తిరుగుతుంది. దుకాణం అద్దంలో మన ముఖం కనపడేది దానివల్లే. ఆకుపచ్చ కనెక్టరును ఏటవాలుగా కోసింది అందుకే. తిరిగిన వెలుగు పక్కకు జారి బయటికి పోతుంది, ఫైబరు వెంట లేజరు దాకా రాదు. ఏటవాలు మొనకు చదును మొన ఆనిస్తే రెండూ పూర్తిగా అతుక్కోవు. మధ్యలో సన్నని గాలి పొర మిగులుతుంది. నీలం మొన చదును కాబట్టి అక్కడ తగిలిన వెలుగు నేరుగా వెనక్కి నడుస్తుంది. గోడ అదిరితే ఆ గాలి పొర మందం మారుతుంది. మందం మారితే తిరిగి వచ్చే వెలుగు కూడా మారుతుంది. బంద్ రోజున సాంచాలు ఆగాయి, గోడ అదరలేదు, చిత్రం నిలబడింది.

కండె సంగతి కూడా విడిపోయింది. ముందుకు పోయే వెలుగు ఆ చుట్లను ఒక్కసారే దాటుతుంది. సగమవుతుంది, ఐనా డబ్బాకు చాలు. తిరిగి వచ్చేది పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటాలి. అది పావు వంతుకు పడిపోతుంది. పద్మ అనుకున్న కారణం పూర్తిగా సరైనది కాదు. కానీ అదురుకూ బొమ్మకూ సంబంధం ఉందని మా అందరిలో కనిపెట్టింది ఆమె ఒక్కతే. మందు కూడా ఆమే వేసింది. ఆ మందును తీసి పారేసింది నేను.

ఒక్క చానలే ఎందుకు చెడింది? లేజరు నిలకడ తప్పినప్పుడు పుట్టే రొద అన్ని చానళ్ల మీదా సమంగా పడదు, వరసలో చివర ఉన్నవాటి మీద ఎక్కువ పడుతుంది. ఆ వార్తల చానలును మేము అన్నిటికంటే ఆఖర్న చేర్చాం. చివరి స్థానంలో పెట్టాం. కుట్ర అంతే.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. వెనక్కి వచ్చే వెలుగు ఎంత అన్నదాన్ని బట్టి లేజరు నడతను ఐదు అంచెలుగా విడదీశారు. మరీ కొంచెం వస్తే, వచ్చిన తీరును బట్టి, ఒక్కోసారి లేజరు ఇంకా శుద్ధంగా వెలుగుతుంది. ఇంకొంత పెరిగితే అటూ ఇటూ దూకుతుంది. ఒక సన్నని చోట మళ్లీ కుదురుకుంటుంది. దాన్ని దాటితే పూర్తిగా చెదిరిపోతుంది. బాగా ఎక్కువగా వస్తే తిరిగి నిలబడుతుంది, బయటి అద్దాన్ని కూడా తన ఒంట్లో భాగం చేసుకున్నట్టు. ఉప్పు రవ్వంత వస్తువుకు ఇన్ని నడతలా అని ఆ పేజీని మూడుసార్లు చదివాను. పక్క కుర్చీ పిల్లవాడు "అంకుల్, ఏ పరీక్షకు?" అని అడిగాడు. "ఐతారం ఉంది" అన్నాను.

ఆకుపచ్చ తీగ

శనివారం నా బల్ల మీది ఆకుపచ్చ తీగ తీసుకుని మొదటి బస్సుకు సిరిసిల్ల పోయాను. పద్మ తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు.

"కండె ఉన్నదా?" అని అడిగాను.

చూరులోంచి తీసి ఇచ్చింది. ముందు నీలం తీగ ఉండగానే ఫైబరును కండెకు చుట్టాను. ఈసారి టీవీ వైపు చూస్తూ చుట్టాను. ఒక్కో చుట్టుకూ గీతలు పలచబడ్డాయి. పదో చుట్టుకు పోయాయి. విప్పాను, వచ్చాయి. మళ్లీ చుట్టాను, పోయాయి. నాలుగుసార్లు చేశాను. ఐదోసారి పద్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అన్నా, చుట్టుడు నాకన్న మంచిగ నేర్చుకున్నవ్. సాంచెల పెట్టిద్దునా?"

అప్పుడు నీలం తీగ తీసి ఆకుపచ్చ తీగ పెట్టాను. కండె విప్పేశాను. సాంచాలు నడుస్తూనే ఉన్నాయి, గోడ అదురుతూనే ఉంది, చిత్రం కదలలేదు. ఆమె చాలాసేపు చూసింది.

నేను సంగతంతా చెప్పాను. నీలం తీగ పెట్టింది నేనని, ఆకుపచ్చ తీగ నా దగ్గర ఉండి కూడా తేలేదని, ఆమె బాగుచేసిన దాన్ని నేనే చెడగొట్టానని. "తప్పయింది పద్మా" అన్నాను.

ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"నాకు చెప్పుడు కాదన్నా. నన్ను అనుమానించింది నేనా? రేపు ఐతారం. టెంటు కాడ చెప్పు. మైకుల చెప్పు."

విద్యాసాగర్ సారుకు ఫోన్ చేస్తే, బాగయింది కదా, బయట చెప్పడం ఎందుకు, కంపెనీ పేరు పోతుంది అన్నాడు. నేను ఆయన మాట కాదన్నది అదొక్కసారే. బాసులందరూ చెడ్డవాళ్లు కారు. కానీ నలుగురి ముందు ఒక మనిషి మీద వేసిన మచ్చను లాగ్ పుస్తకంలో తుడవవచ్చు అని చెప్పే బాసు మాట వినకండి.

హారన్

ఆదివారం టెంటు నిండా జనం. కొందరు తీగలు కోసే కటింగ్ ప్లయర్లు తెచ్చుకునే వచ్చారు. టీవీలో ఆ చానల్ శుభ్రంగా నడుస్తోంది. ఐనా ఎవరి ముఖమూ మారలేదు.

"ఇయ్యాల ఐతారమని ఎరుకై మంచిగ పెట్టింది" అన్నారొకరు.

నేను మైకు తీసుకున్నాను. లేజరు, ఐదు అంచెలు, ఎనిమిది డిగ్రీలు, గ్రంథాలయంలో కూర్చుకున్న మాటలు ఒక్కటీ పనికి రావని ఆ ముఖాలు చూడగానే అర్థమైంది. టెంటు గుంజకు కట్టిన గరాటు ఆకారపు లౌడ్‌స్పీకరు, హారన్, కనపడింది. కట్టు వదులు చేసి దాని మూతిని మైకు వైపు తిప్పాను. కీచుమని చెవులు పగిలే మోత. ఆడవాళ్లు కొంగులు చెవులకు అడ్డం పెట్టుకున్నారు.

మైకు ఆపేసి ఉత్త గొంతుతోనే అడిగాను. "మైకు ఖరాబయిందా?"

"లేదు."

"హారన్ ఖరాబయిందా?"

"అది గూడ మంచిదే. మైకు మాట మల్ల మైకులకే పోతున్నది" అన్నాడు లింగమూర్తి.

"పద్మ లైన్ల గదే అయింది. పంపిన వెలుగు మల్ల లేజరులకే పోయింది. తప్పుడు తీగె పెట్టి దాన్ని ఎనకకు తిప్పింది నేను. సాంచాలు నడిస్తె గా తీగె మూతి అదిరి ఇంకా ఎక్కువైంది. బంద్ నాడు సాంచాలు ఆగినయి, బొమ్మ బాగైంది. పద్మ చేసిందేం లేదు. ఆమె కండెకు చుట్టి బాగుచేస్తె, ఇప్పి ఖరాబ్ చేసింది గూడ నేనే. ఈ ఇంటికెల్లి అవతల లోపమున్నది అని గీ జాగలనే అన్న. గా మాట అబద్ధం."

"సరైన తీగె ఎక్కడ దొరికింది?" అని అడిగాడు లింగమూర్తి.

"నా తాననే ఉండె."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది."

వెనక నుంచి ఎవరో అన్నారు, "అయితె ద్రోహివి నువ్వేనన్నట్టు." జనం నవ్వారు. నేనూ నవ్వబోయాను. పద్మ నవ్వలేదు. చేతిలో కండె పట్టుకుని మొదటి వరసలో కూర్చుని ఉంది. లింగమూర్తి ఆమె వైపు చూశాడు. ప్లయర్లు తెచ్చినవాళ్లు వాటిని జేబుల్లోకి తోసుకున్నారు. ఆయన లేచి నా చేతిలోంచి మైకు తీసుకుని మీట నొక్కాడు.

"చెల్లే..." అన్నాడు. హారన్ మళ్లీ కీచుమంది. దాన్ని తిప్పిన చోటే నేను వదిలేశాను.

లింగమూర్తి మైకు దించి, ఇక చాలన్నట్టు చూశాడు. జనం లేవబోయారు. పద్మ కండెను కొంగున ముడేసుకుని లేచింది. స్తంభాలెక్కే మనిషి కదా, కుర్చీ మీద ఎక్కి హారన్‌ను చేత్తో పట్టి, దాని మూతిని రోడ్డు వైపు, నాలుగు వీధుల వైపు తిప్పి, కట్టు గట్టిగా బిగించింది. దిగి వచ్చి తన చోట కూర్చుంది.

"గిప్పుడు చెప్పు లింగన్నా" అంది. "అందరికి ఇనవడాలె."